నంబరు పడని పొర

మా ఊరి పొలిమేరలో ఒక పరిశోధనా సంస్థ ఉంది. దాని పేరు చెప్పను. చెప్పినా మీకు దారి దొరకదు. దారి చూపించే బోర్డు మీద ఆస్తి నంబరు వేసి, ప్రభుత్వ ఆస్తి రోడ్డు మీద ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు.

ఆ సంస్థలో నంబరు లేని వస్తువు ఉండదు. కుర్చీకి నంబరు, బల్లకి నంబరు, బల్ల కింద చెత్తబుట్టకి నంబరు, బుట్ట మీది మూతకి వేరే నంబరు. మూతా బుట్టా ఎప్పుడూ ఒకచోట ఉండవు. మూత అకౌంట్సు వారిది, బుట్ట లైబ్రరీ వారిది. గేటు దగ్గరి వేపచెట్టుకి కూడా తెల్లపెయింటుతో నంబరు వేశారు. చెట్టు లావెక్కి, బెరడు చిట్లి, అంకెలు అటూ ఇటూ అయ్యేసరికి, తనిఖీకి వచ్చినాయన చూసి, "ఇది వేరే చెట్టు. అసలు చెట్టు పోయింది" అని రాసి వెళ్ళాడు. ఆ పోయిన చెట్టు నీడలోనే ఇప్పటికీ స్కూటర్లు పెట్టుకుంటున్నారు.

ఒక వీధికుక్క బెంచీ కింద పడుకుని ఉండగా పెయింటరు సూర్రావు బెంచీకి వేస్తున్న నంబరు సగం దాని వీపు మీద పడింది. నంబరు పడ్డాక కుక్కకు హోదా వచ్చింది. అంతకుముందు ఎప్పుడు పడితే అప్పుడు మొరిగేది. తర్వాత ఉదయం ఆఫీసు తెరిచేదాకా లోపలికి వచ్చేది కాదు, సాయంత్రం ఆఫీసు మూశాక ఉండేది కాదు, ఆదివారం దొంగ వచ్చి పక్కనుంచే నడిచి వెళ్ళినా కన్ను తెరిచేది కాదు. నమ్మకపోతే మానేయండి. మొరగని కుక్కను సాక్ష్యానికి నేనెక్కణ్ణుంచి తీసుకురాను?

నేను ఆ సంస్థలో క్యాంటీను నడిపాను. నా చదువు మా ఊరి బళ్ళో మొదలై మా ఊరి బళ్ళోనే ఆగిపోయింది. అయినా చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంటే ఎంత పెద్ద మీటింగు తలుపైనా తెరుచుకుంటుంది. టీ ఇచ్చేవాడికి చెవులుంటాయని పెద్దవాళ్ళకు ఎప్పుడూ తోచదు. కాబట్టి ఇది విన్నదీ కన్నదీ.

సంస్థకు డైరెక్టరు పీతాంబరం గారు. ఆయన కూడా ఒకప్పుడు సైంటిస్టేనట. ఆయన గది గోడ మీద ఆ మేరకు ఒక సర్టిఫికెట్టు వేలాడుతూ ఉండేది, దాని మూల నంబరు కూడా ఉండేది. ఆయనకు ఒకటే సిద్ధాంతం. "నంబరు ఉన్నది ఉన్నట్టు. నంబరు లేనిది లేనట్టు." ఈ మాట ఆయన ఇంగ్లీషులో ఇంకా గంభీరంగా అనేవారు.

ఆ సంస్థలోకి కుసుమ అనే పిల్ల పరిశోధనకు వచ్చింది. మేడిశెట్టి వారి అమ్మాయి, గోదారికి అవతలి గట్టు. సన్నగా, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతూ ఉండేది. నా గారెలంటే ఇష్టం. ఒకరోజు పళ్ళెంలోంచి గారె తీసి పట్టుకుని అడిగింది.

"తాతగారూ, ఈ గారెను వంచండి, నొక్కండి, సాగదీయండి. చిల్లు పోతుందా?"

"తుంచితే పోద్దమ్మా."

"తుంచకుండా."

"పోదు. గారెన్నాక చిల్లుండాల్సిందే కదా."

"ఆఁ. ఏంచేసినా పోని అలాంటి గుణం ఒకటి నా పదార్థంలో ఉంది. అది పూర్తి లోహమూ కాదు, లోహం కాకుండానూ పోలేదు. సగం లోహం."

"మా రెండో బావమరిది లాంటిదన్నమాట. పూర్తి పనిమంతుడూ కాదు, ఖాళీగానూ ఉండడు. ఎన్ని తిట్టినా గుణం మాత్రం మారదు."

"అచ్చంగా అతనే! అతన్ని బాగా పలచటి పొరగా చేసి, బాగా చల్లబరిస్తే, తనలోంచి వెళ్ళే కరెంటుని పిసరంత కూడా అడ్డుకోడు."

"మా బావమరిదిని చల్లబరచడం వాళ్ళమ్మ వల్లే కాలేదు తల్లీ" అన్నాను.

కానీ ఆ పిల్ల చేసేది నిజంగానే అది. ఒక స్టీలు గంగాళంలో గాలంతా తోడేసి, అందులో లోహపుముద్దను ఆవిరి చేసి, చిటికెనవేలి గోరంత గాజుబిళ్ళ మీద ఆ ఆవిరి పట్టించేది. మన తలవెంట్రుకను నిలువుగా వేల పొరలు చీల్చే చెయ్యి ఎవరికైనా ఉంటే, అందులో ఒక పొరంత మందం. దాన్నే వాళ్ళు ఫిల్ము అంటారు. ఆ బిళ్ళను ఇంకో యంత్రంలో పెట్టి చల్లబరిచేది. ఎంత చల్లగా అంటే, చలి అనేదానికి అడుగున నేల ఉంటుందట, ఆ నేలకు ఒకటి రెండు మెట్లు పైన. అక్కడ కరెంటుకి ఇక అలుపుండదు. అలా అయినదాన్ని సూపర్ కండక్టరు అంటారట. ఎడ్లబండిని మా ఊళ్ళో ఒక్క తోపు తోస్తే, ఎడ్లు లేకుండానే కాశీదాకా పోయి, గంగలో మునిగి, ఇత్తడి చెంబులతో తిరిగొచ్చినట్టు.

ఆ పిల్ల చేసిన బిళ్ళలన్నీ వరసగా విఫలమయ్యాయి. ఒకటి మాత్రం, వానాకాలం మొదట్లో, పనిచేసింది. ఆ రోజు క్యాంటీనుకు వచ్చి మాట్లాడకుండా గారె మీద గారె తినేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. చట్నీ మాత్రం అయిపోయింది.

"ఇంకేం తల్లీ, గెలిచేశావు కదా" అన్నాను.

"ఒక్కసారి దెయ్యం కూడా కనబడుతుంది తాతగారూ. మళ్ళీ మళ్ళీ కనబడితేనే సైన్సు. దసరా సెలవులకి నా ఫెలోషిప్పు అయిపోతుంది. ఈలోపు ఈ బిళ్ళనే మళ్ళీ చల్లబరిచి, మళ్ళీ కొలిచి, పదిమందికీ చూపించాలి. లేకపోతే ఇన్నేళ్ళూ నేను కల కన్నానంటారు."

సరిగ్గా అప్పుడే ఆస్తుల తనిఖీ అధికారి దక్షిణామూర్తి గారు దిగారు.

దక్షిణామూర్తి గారు మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఏ వస్తువునైనా చేత్తో తాకి, వేలితో తట్టి, నంబరు పైకి చదివితే గానీ అది ఉందని ఒప్పుకోరు, అంతే. వాళ్ళింట్లో భార్యాబిడ్డల సంగతి నేనడగలేదు.

ఆయన కుసుమ గదిలోకి వచ్చేసరికి నేను టీ ఇస్తున్నాను. పక్కన ఆ పిల్లకు గైడైన విశ్వేశ్వరం గారు నిలబడి ఉన్నారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఆ వయసులో ఆయనకు పెన్షను కనబడినంత స్పష్టంగా ఇంకేదీ కనబడేది కాదు.

"లోహపుముద్దలు కొన్నారు. ఏవీ?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఫిల్ములు చేశాం సార్" అంది కుసుమ, గాజుబిళ్ళ చూపించి.

ఆయన చాలాసేపు చూశారు. "ఇది గాజు."

"దాని మీద ఉంది సార్."

"నాకు కనబడ్డం లేదు. సరే, ఉందనుకుందాం. పిడికెడు ముద్దలోంచి ఇంతేనా వచ్చింది? మా ఊరి కంసాలి కూడా తరుగు తీస్తాడు. కానీ ఉంగరానికిచ్చిన బంగారంలో ఉంగరం తీసేసుకుని తరుగు చేతిలో పెట్టడు. మిగతా ముద్ద ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు సార్. ఆవిరై ఆ గంగాళం గోడలకి పట్టేసింది."

"గోడలకి పట్టిన ప్రభుత్వ ఆస్తిని రాబట్టవలెను" అని ఆయన అక్కడికక్కడే రాశారు.

మర్నాడు స్టోరు వాళ్ళు చీపుళ్ళూ గరిటెలూ పట్టుకొచ్చి ఆ గంగాళంలో తలదూర్చి గోడలు గోకేశారు. మా క్యాంటీనులో అట్లకాడ కూడా అడిగి తీసుకెళ్ళారు. నల్లటి మసి కొంచెం వచ్చింది. దాన్ని పొట్లం కట్టి, పొట్లానికి నంబరు వేశారు. గంగాళం మాత్రం ఇక పనికిరాకుండా పోయింది. గీతలు పడ్డ గోడలతో దాంట్లో గాలి తోడినా శూన్యం నిలవదట.

కుసుమ ఆ గంగాళం ముందు స్టూలు మీద కూర్చుంది. టీ ఇస్తే తీసుకోలేదు.

"ఇంకో బిళ్ళ చెయ్యలేను తాతగారూ. ఇక ఉన్నది ఆ ఒక్కటే."

"దాన్ని జాగ్రత్తగా దాచుకో అమ్మా."

"దానికి నంబరు వెయ్యాలంటున్నారు."

నంబరు వేయడమంటే నూనెపెయింటు పూయడం. ఆ పొర మీద పెయింటు పడితే ఏమవుతుందో అడిగాను. తులసాకు మీద రోడ్డు రోలరు ఎక్కించినట్టవుతుందని చెప్పింది.

ఈ విషయం మీద డైరెక్టరు గారి గదిలో మీటింగు పెట్టారు. పీతాంబరం గారు, దక్షిణామూర్తి గారు, విశ్వేశ్వరం గారు, కుసుమ, నిపుణుడి హోదాలో పెయింటరు సూర్రావు. నేను రెండుసార్లు టీ ఇచ్చాను. మూడోసారి ఎవరూ అడక్కపోయినా ఇచ్చాను.

దక్షిణామూర్తి గారు లేచి చదివారు. "పైన ఉదహరించిన సర్క్యులరు ప్రకారం ఆస్తి నంబరులోని ప్రతి అంకెయూ అంగుళం ఎత్తునకు తగ్గరాదు. సదరు బిళ్ళ వెడల్పు అర అంగుళం కూడా లేదు. తగు ఆదేశములు కోరడమైనది."

పీతాంబరం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "ఫిల్మును నంబరు మోయగలిగిన మందానికి పెంచితే?"

"మందమైతే అది పనిచెయ్యదు సార్" అంది కుసుమ. "పలచగా ఉంటేనే ఆ గుణం."

"పలచగా ఉండి పనికొచ్చేది నాకు తెలిసి ఈ సంస్థలో ఏదీ లేదమ్మా. క్యాంటీను సాంబారుతో సహా" అని ఆయన నా వైపు చూశారు. నేను పళ్ళెం వైపు చూసుకున్నాను.

"నువ్వేమంటావోయ్ సూర్రావూ?"

సూర్రావు చేతులు కట్టుకున్నాడు. "ఆయ్, బియ్యపుగింజ మీద భాగవతం రాసేవోళ్ళు ఉంటారండి, నేను కాదండి. నాది గోడల మీద రాసిన చెయ్యండి. నా బ్రష్షులన్నిట్లోకీ చిన్నది ఈ బిళ్ళ కన్నా పెద్దదండి."

"అయినా వెయ్యాలి."

"వేస్తానండి. కాకపోతే అంకెలో ఒక ముక్క బిళ్ళ మీద పడుద్దండి. మిగతా అంకెలన్నీ కింద బల్ల మీద పడతాయండి."

పీతాంబరం గారి ముఖం వెలిగింది. "బిళ్ళను బల్ల మీద సరిగ్గా అదే చోట పెడితే నంబరు పూర్తిగా చదవవచ్చు కదా?"

"చదవొచ్చండి."

"అప్పుడు బిళ్ళ తన స్థానంలో ఉన్నదీ లేనిదీ కూడా తనిఖీ చేసినట్టవుతుంది" అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన గొంతులో తడి. పరిపాలనలో ఇంత అందమైన పరిష్కారం ఆయన సర్వీసులో చూడలేదట.

కుసుమ కళ్ళజోడు సర్దుకుంది. "సార్, కొలవాలంటే బిళ్ళను చల్లటి యంత్రంలో పెట్టాలి."

"పెట్టండి. ఎవరు వద్దన్నారు? బల్లతో సహా పెట్టండి."

"బల్ల పట్టదు సార్."

"ఆ యంత్రం కొనేటప్పుడు బల్ల పడుతుందో లేదో చూసుకోవలసిన బాధ్యత ఎవరిది?" అని పీతాంబరం గారు అడిగారు. విశ్వేశ్వరం గారు చప్పున నేలచూపులు చూశారు.

"అసలు సందేహం ఇంకొకటుంది" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఇది ఆఫీసు వేళల్లో సూపర్ కండక్టరేనా?"

"చల్లబరిచినప్పుడు సార్."

"అంటే ఇప్పుడు కాదు."

"ఇప్పుడు కాదు సార్."

"ఇప్పుడు కాని దాన్ని ఇప్పుడు అదే అని నేను ఎలా రాయను?"

"మీరు నిద్రపోతున్నప్పుడు కూడా అధికారే కదా సార్" అంది కుసుమ. ఆ పిల్ల పొగడ్తగానే అంది. దక్షిణామూర్తి గారు ఎందుకో ఎర్రబడ్డారు. మీటింగు ముగిసింది. సోమవారం ఉదయం నంబరు వేయాలని తీర్మానం.

సోమవారం దాకా ఉన్న మూడు రోజులూ కుసుమ యంత్రం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. నంబరు పడని వస్తువును యంత్రంలో పెట్టకూడదని దానికి తాళం వేశారు. తాళానికి నంబరుంది. తాళంచెవికి నంబరు పడలేదని తాళంచెవి ఇవ్వలేదు.

"రూలు రూలే అమ్మా. నాలుగు రోజులు ఓపిక పట్టు" అని గైడు గారన్నారు.

"నాలుగు రోజుల తర్వాత ఏమవుతుంది సార్?"

"అలవాటవుతుంది" అన్నారాయన. పాపం, అనుభవం మీద చెప్పిన మాట.

సోమవారం వచ్చింది. ప్రయోగశాలలో బల్లను కడిగి తుడిచి సిద్ధం చేశారు. సూర్రావు కొత్త బ్రష్షు కొన్నాడు. పని మొదలెట్టేముందు పెయింటు డబ్బాకు అగరొత్తి తిప్పాడు. కుసుమ గుడ్డ పరిచిన చిన్న పెట్టె తెచ్చి మూత తీసింది. అందులో రెండు బిళ్ళలు పక్కపక్కనే ఉన్నాయి.

"ఇది ఉత్తి గాజు సార్" అంది ఒకటి చూపించి. "పోల్చుకోడానికి పెట్టుకుంటాం. ఇది ఫిల్మున్నది. వెలుతురులో పెట్టి చూడండి, ఇది కొంచెం మసగ్గా ఉంటుంది. ఆ మసకే సార్ ఫిల్ము. ఒక్కసారి చూడండి, దాని మీద పెయింటు వెయ్యొచ్చో లేదో మీకే తెలుస్తుంది."

చివరి ప్రయత్నం అది. కళ్ళతో చూస్తే కనికరిస్తారని ఆ పిల్ల ఆశ.

దక్షిణామూర్తి గారు మొదటి బిళ్ళను వెలుతురుకు పట్టి చూశారు. తళతళలాడింది. రెండోదాన్ని చూశారు. ముఖం చిట్లించారు.

"దీన్ని తుడవలేదేం?" అని జేబులోంచి రుమాలు తీశారు.

"సార్!" కుసుమ అరిచిన అరుపుకి సూర్రావు చేతిలో బ్రష్షు జారి నా చెప్పు మీద పడింది. ఆ చెప్పుకి ఆ తర్వాత నంబరు వేశారనే మాట మాత్రం అబద్ధం.

"తుడిస్తే పోతుంది సార్. ఆ మసకే..."

"పోవాలనే కదా తుడిచేది. ప్రభుత్వ ఆస్తి మాసి ఉండరాదు. పీతాంబరం గారూ, తమరు చూడండి. ఈ రెంటిలో ఇది పరిశుభ్రంగా, పారదర్శకంగా, లోపరహితంగా ఉంది. ఇది మరక పట్టి ఉంది. ఏది ఫిల్ము?"

పీతాంబరం గారు ఒక్కసారి చూసి, శుభ్రమైన గాజు వైపు వేలు చూపించారు. "సందేహమేముంది?"

"సార్, అది ఉత్తి..." అని కుసుమ మొదలెట్టింది.

అక్కడే ఆగింది. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం సగంలో నిలబడిపోయింది. కళ్ళజోడు వెనక ఆ పిల్ల కళ్ళు ఒకసారి శుభ్రమైన బిళ్ళ మీదికి, ఒకసారి మసకబిళ్ళ మీదికి, ఒకసారి సూర్రావు పెయింటు డబ్బా మీదికి వెళ్ళొచ్చాయి. నోరు నెమ్మదిగా మూసుకుంది.

"ఉత్తి...?" అన్నారు పీతాంబరం గారు.

"ఉత్తినే అడ్డొచ్చాను సార్. మీరు నిర్ణయించాక నేనెవర్ని?"

విశ్వేశ్వరం గారు ఉలిక్కిపడి కుసుమ వైపు చూశారు. ఆయనకు తెలుసు ఏది ఏదో. దగ్గారు. ఇంకోసారి దగ్గారు. తర్వాత కిటికీలోంచి కనబడని వేపచెట్టును చూస్తూ నిలబడ్డారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన చేసిన మేలు నాకు తెలిసి ఆ దగ్గే.

"మరి ఈ మరకబిళ్ళ?" అని సూర్రావు అడిగాడు.

"నిరుపయోగ వస్తువు. కొట్టివేయడమైనది" అని దక్షిణామూర్తి గారు రాసి సంతకం పెట్టారు. "పారవేయవలెను."

"నేను పారేస్తాను సార్" అంది కుసుమ. "ఎక్కడ పారెయ్యమంటారు?"

"ఆవరణ బయట."

"దూరంగా పారెయ్యి" అన్నారు పీతాంబరం గారు. "ఇక్కడెక్కడో పడేస్తే వచ్చే ఏడు తనిఖీలో మళ్ళీ దొరికి ప్రాణం తీస్తుంది."

"ఎంత దూరం సార్?"

"నీకు ఎంత చేతనైతే అంత."

కుసుమ ఆ ఆదేశాన్ని అక్షరాలా పాటించింది. ఆ పెట్టెను గుండెకి హత్తుకుని గేటు దగ్గరికి నడిచింది. నేను పాలకేన్లు తెచ్చుకునే వంక పెట్టుకుని వెనకే వెళ్ళాను. ఆ గేటు సంగతి మీకు తెలియదు. నేను నా సొంత అట్లకాడ ఇంటికి తీసుకెళ్ళాలంటే మూడు సంతకాలు కావాలి. గేటు కాపలా సింహాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటమ్మా అది?"

"చెత్త బాబాయ్."

"నంబరుందా?"

"లేదు."

"చూపించు." పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాడు. "నంబరు లేకపోతే లేనట్టే కదమ్మా. లేనిదానికి పాసేంటి? పో."

నేనెరిగినంతలో ఆ గేట్లోంచి ఏ అడ్డూ లేకుండా బయటికి సాగిపోయిన వస్తువు అదొక్కటే. నా పాలకేన్లను మాత్రం పావుగంట ఆపాడు.

ఆ పిల్ల ఆ సాయంత్రమే రైలెక్కింది. ఎక్కడో దూరపు ఊళ్ళో తెలిసినవాళ్ళ ప్రయోగశాల ఉందట, అక్కడ చల్లటి యంత్రం ఉందట, దాని తాళంచెవి మేకుకి వేలాడుతూ ఉంటుందట. దసరా ముందు నాకు ఫోను చేసింది.

"తాతగారూ, పారేశాను."

"ఏమైందమ్మా?"

"కనబడింది. మళ్ళీ చల్లబరిచాం, మళ్ళీ కనబడింది. వేరేవాళ్ళ చేత చల్లబరిపించాం, వాళ్ళకీ కనబడింది." కాస్త ఆగి, "ఇక్కడ గారెలు బాగోలేవు" అంది. ఆ గొంతు ఏడుపో నవ్వో ఈసారీ తెలియలేదు.

ఇక్కడ సంస్థలో జరిగింది కూడా చెప్పాలి. లేకపోతే పీతాంబరం గారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

నంబరు పడ్డ గాజుబిళ్ళను పత్రికలవాళ్ళ ముందు ప్రదర్శించారు. బల్లతో సహా యంత్రంలో పెట్టడం కుదరదు గనక, యంత్రాన్నే బల్ల పక్కకు తెచ్చి నిలబెట్టారు. చలి దగ్గరలో ఉంటే చాలునని తీర్మానం. బిళ్ళకు రెండు తీగలు తగిలించి, తీగల్ని మీటరుకు తగిలించారు. మీటరు ముల్లు కదల్లేదు.

"సున్నా!" అని పీతాంబరం గారు చప్పట్లు కొట్టారు. "సూపర్ కండక్టరులో సున్నా రావాలని కదా శాస్త్రం? వచ్చింది."

విశ్వేశ్వరం గారికి ఆ రోజు ఏమైందో గాని నోరు తెరిచారు. "సార్, రావలసిన సున్నా వేరండి. దారిలో అడ్డు లేకపోవడం వేరు, అసలు ఆ దారిన బండే వెళ్ళకపోవడం వేరు. గాజులోంచి కరెంటు..."

"రెండు దారుల్లోనూ ప్రమాదాలు సున్నాయే కదా?" అన్నారు పీతాంబరం గారు. "సున్నాలో మళ్ళీ రకాలేమిటండీ?"

విశ్వేశ్వరం గారు ఆలోచించి, పెన్షను గుర్తొచ్చి, కూర్చున్నారు.

అంతలో ఊరంతా కరెంటు పోయింది. చల్లటి యంత్రం ఆగింది. ఫాన్లు ఆగాయి. అందరూ విసురుకుంటూ మీటరు వైపు చూశారు. ముల్లు సున్నా మీదే ఉంది.

"యంత్రం లేకుండా కూడా సున్నా!" అన్నారు దక్షిణామూర్తి గారు, కుర్చీలోంచి లేచి. "కరెంటే లేకుండా కూడా సున్నా! ఆఫీసు వేళల్లో, మామూలు ఎండలో!" ఆయన అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాశారు. అటువంటి సూపర్ కండక్టరు లోకంలో ఇంకెక్కడా లేదని ఆ సభలో అందరూ అన్నారు. ఆ మాటలో మటుకు అబద్ధం లేదు.

ఇక చలి అక్కర్లేదు గనక చల్లటి యంత్రాన్ని క్యాంటీనుకు బదిలీ చేశారు. అందులో ఒకరోజు మజ్జిగ పెట్టాను. గడ్డకట్టింది చూడండి, గొడ్డలితో కొడితే గొడ్డలి విరిగింది. ఆ వేసవంతా మజ్జిగ తూకానికి అమ్మాం. కొన్నవాళ్ళు సంచుల్లో పట్టుకెళ్ళారు.

ఏళ్ళు గడిచాయి. సంస్థ ఎంత గొప్పదో తేల్చడానికి పైనుంచి నిపుణుల బృందం వచ్చింది. కారులోంచి దిగినవాళ్ళలో ఒకావిడ ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. నేను చేతిలో పళ్ళెం కింద పెట్టేశాను.

"తాతగారూ, గారెలున్నాయా?" అంది కుసుమ.

పీతాంబరం గారు బృందాన్ని స్వయంగా ప్రదర్శనశాలకు తీసుకెళ్ళారు. ఆయన రిటైరైనా రిజిస్టర్లో ఆయన నంబరు ఎవరూ కొట్టెయ్యలేదు గనక ఇంకా అక్కడే ఉన్నారు. అద్దాల పెట్టెలో సంస్థ గర్వకారణం. అది పెట్టిన బల్లను గోడకు మేకులతో కొట్టేశారు. ఏటా తనిఖీ ముందు నంబరు మాయకుండా సూర్రావు ఆ గాజుబిళ్ళ మీద మళ్ళీ పెయింటు వేస్తూ వచ్చాడు. పొర మీద పొర, పొర మీద పొర. ఇప్పుడది గారెంత లావైంది. పడిపోకుండా తాడు కట్టడానికి మధ్యలో చిల్లు కూడా పెట్టారు.

"మందంలో మనం సాధించిన ప్రగతి తమరు గమనించాలి" అన్నారు పీతాంబరం గారు. "మొదట్లో ఇది కంటికి కూడా ఆనేది కాదు."

కుసుమ చాలాసేపు వంగి చూసింది. "నిజమే సార్. ఇలాంటిది నేనింకెక్కడా చూడలేదు."

ఆ మాటను ఆవిడ చేతే రాయించి, పటం కట్టించి, పటానికి నంబరు వేయించి పక్కనే తగిలించారు. మీరెప్పుడైనా వెళితే చూడవచ్చు, దారి దొరికితే.

వెళ్ళేటప్పుడు నేను గేటుదాకా వెళ్ళాను. అరిటాకులో కట్టిన గారెలు కుసుమ సంచిలో పెట్టాను. సింహాద్రికి చూపు తగ్గింది గానీ చెయ్యి ఇంకా అడ్డం వస్తూనే ఉంది. సంచిలోకి తొంగిచూశాడు. గారెల పక్కన గుడ్డ పరిచిన చిన్న పెట్టె ఉంది. మూత తీసి, బిళ్ళను ఎండకు పట్టి, మసకగా ఉన్నదాన్ని కళ్ళు చికిలించి చూశాడు. మనుషుల్ని మరిచిపోతాడు గాని సామాన్లు మరిచిపోడు.

"ఏంటమ్మా," అన్నాడు, "ఈ చెత్త ఇంకా పారెయ్యలేదా?"

కుసుమ పెట్టెను జాగ్రత్తగా తీసుకుని మూత పెట్టింది.

"లేదు బాబాయ్. ఇంకా పనిచేస్తోంది."